ఒకే ఇంజిన్ మీద రెండు రకాల హెడ్‌లు: 1990 షెవ్రొలే 350 ట్రక్కు కేస్ స్టడీ

ఈ ట్రక్కు నా దగ్గరికి హెడ్‌లు (సిలిండర్ల పైన వాల్వులతో కూర్చునే ఇనుప మూతలు) మార్చమని రాలేదు. "ట్రైలర్ తగిలిస్తే చాలండీ, ఎత్తు మీదకి వెళ్లేటప్పుడు గొంతు పట్టేసినట్టు అయిపోతుంది. ఖాళీగా నడిపితే ఏ ఇబ్బందీ లేదు" అన్నారు యజమాని. బండి 1990 మోడల్ షెవ్రొలే కె1500. 350 క్యూబిక్ అంగుళాల వి8 ఇంజిన్, థ్రాటిల్ బాడీలోనే రెండు ఇంజెక్టర్లు ఉండే టీబీఐ పద్ధతి, కంపెనీ కోడ్ ఎల్05. నాలుగేళ్ల క్రితం ఎక్కడో ఇంజిన్ మొత్తం విప్పించి కట్టించారట. ఇబ్బంది అప్పటి నుంచే. ఆ తర్వాత ప్లగ్గులు, వైర్లు, ఫ్యూయల్ పంపు, ఫిల్టరు, క్యాటలిటిక్ కన్వర్టర్ ఒక్కొక్కటిగా మార్చుకుంటూ వచ్చారు. ఏదీ పనిచేయలేదు.

మొదట ఫ్యూయల్ ప్రెషర్ చూశాను. టీబీఐకి 9 నుంచి 13 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) మధ్య ఉండాలి. 11.5 ఉంది, లోడులో కూడా పడిపోవడం లేదు. తర్వాత డయాగ్నస్టిక్ సాకెట్‌కి ల్యాప్‌టాప్ తగిలించి, ట్రైలర్‌తో సహా రోడ్డు మీదకి తీసుకెళ్లాను. యాక్సిలరేటర్ సగం దాటి తొక్కగానే నాక్ కౌంటర్ గబగబా పెరిగిపోతోంది. ఇంజిన్‌లో నాకింగ్ వస్తోంది, అంటే పెట్రోలు మిశ్రమం సాఫీగా మండకుండా అదుపు తప్పి పేలుతోంది. నాక్ సెన్సర్ ఆ చప్పుడు వింటోంది, కంప్యూటర్ టైమింగ్‌ని, అంటే ప్లగ్గు నిప్పురవ్వ వేసే క్షణాన్ని, వెనక్కి లాగేస్తోంది. గొంతు పట్టేసినట్టు అవడానికి కారణం అదే. ఇక తేలాల్సింది నాకింగ్ ఎందుకు వస్తోందన్నది.

బేస్ టైమింగ్ చూశాను. ఈ బండికి కంప్యూటర్‌ని పక్కకి తప్పించే టాన్ రంగు మీద నల్లగీత వైరు ఊడదీసి, సున్నా డిగ్రీల దగ్గర పెట్టాలి. సరిగ్గా సున్నా దగ్గరే ఉంది. ఇంజిన్ వేడెక్కువ అవడం లేదు, ఈజీఆర్ వాల్వు (కొంత ఎగ్జాస్ట్ గాలిని మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది) పనిచేస్తోంది, పెట్రోలు మార్చి చూసినా తేడా లేదు.

కంప్రెషన్ పరీక్షలో అసలు కథ బయటపడింది. ఇంజిన్ వేడిగా, ప్లగ్గులన్నీ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి చూస్తే డ్రైవర్ వైపు 1, 3, 5, 7 సిలిండర్లలో 154, 152, 155, 150 పీఎస్ఐ వచ్చాయి. రెండో వైపు 2, 4, 6, 8 సిలిండర్లలో 168, 166, 169, 167.

"అన్నా, ఎడమ పక్క రింగులు పోయినట్టున్నాయి" అన్నాడు నాతో పనిచేసే కుర్రాడు. నాకూ ముందు అదే తోచింది. కంప్రెషన్ గేజీ పట్టుకున్నవాడి కన్ను ఎప్పుడూ తక్కువ అంకె మీదే పడుతుంది. కానీ రింగులు అరిగితే నాలుగు సిలిండర్లూ ఇంత సమానంగా అరగవు. ఒకటి 150 ఉంటే పక్కది 130కి పడిపోవాలి. ఇక్కడ ఒక్కో వరుసలో అంకెలు అన్నీ దగ్గర దగ్గరగా ఉన్నాయి, వరుసకీ వరుసకీ మధ్య మాత్రం గోడ కట్టినట్టు తేడా ఉంది. సిలిండర్‌లోకి గాలి కొట్టి ఎంత కారిపోతోందో చూసే లీక్‌డౌన్ పరీక్ష చేస్తే ఎనిమిది సిలిండర్లూ 8 నుంచి 10 శాతం మధ్యే లీకయ్యాయి. రెండు వైపులా ఒకే ఆరోగ్యం. గాలి బయటికి పోవడం లేదన్నమాట. గాలిని నొక్కే చోటే ఒక వైపు చిన్నదిగా, ఇంకో వైపు పెద్దదిగా ఉండాలి. చెడ్డ వైపు అనుకున్నది నిజానికి మంచిది, బలంగా కనిపిస్తున్న కుడి వైపే అనుమానించాల్సింది.

నంబరు చదవడం

షెవ్రొలే స్మాల్ బ్లాక్ వి8 1955లో 265 క్యూబిక్ అంగుళాలతో మొదలైంది. 350 సైజు 1967 మోడల్‌తో వచ్చింది. అప్పటి నుంచి దశాబ్దాల పాటు ఎన్నో రకాల హెడ్‌లు పోత పోశారు, చాలావాటిని ఒకదాని బదులు ఇంకోటి బిగించేయొచ్చు. పైగా ఒకే పోత ఎడమ వైపుకీ కుడి వైపుకీ సరిపోతుంది. ఈ సౌలభ్యమే చిక్కు కూడా తెచ్చిపెడుతుంది. సరిపోతుంది కదా అని ఏదో ఒకటి ఎత్తి పెట్టేస్తారు.

బయట నుంచి చూసి కొంత చెప్పొచ్చు. వాల్వు కవరు బోల్టులు అంచు చుట్టూ ఉంటే 1986, అంతకు ముందు కాలం హెడ్. కవరు నడినెత్తిన వరసగా నాలుగు బోల్టులు ఉంటే 1987, ఆ తర్వాతది. హెడ్‌లకి గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డుని ఒక్కో హెడ్‌కి ఆరు బోల్టులు పట్టుకుంటే 1995 దాకా వచ్చిన రకం. ఒక్కో హెడ్‌కి నాలుగే బోల్టులు, అవీ నిట్టనిలువుగా దిగితే 1996లో మొదలైన వోర్టెక్. ఎయిర్ క్లీనర్ మీద "వోర్టెక్" అని రాసుందని మాత్రం నమ్మకండి. ఆ పేరు 1980లలోనే 4.3 లీటర్ల వి6కి పెట్టారు.

ఇవన్నీ వడపోతకే. తీర్పు ఇచ్చేది కాస్టింగ్ నంబరు, అంటే పోత మీదే ఉండే నంబరు. అది వాల్వు కవరు కింద, రాకర్ ఆర్మ్‌ల మధ్య ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటుంది. నూనె మడ్డి కింద కూరుకుపోయి ఉంటే కిరోసిన్ గుడ్డతో తుడిచి, టార్చి లైటు పక్కవాటంగా కొట్టాలి. ఎదురుగా కొడితే 3కీ 8కీ తేడా తెలియదు. నంబరు మొత్తం రాసుకోవాలి. చివరి మూడంకెలు వాడుకలో పేరుగా బాగుంటాయి గానీ, అవే మూడంకెలతో ముగిసే వేరే పోత ఉండొచ్చు.

నేను ఇక్కడ ఒక తప్పు చేశాను, చెప్పుకోవాలి. కంప్రెషన్ పరీక్షకి ముందే, బండి వచ్చిన రోజునే, ఎడమ కవరు తీసి నంబరు చూశాను. 14102193. 1987 నుంచి 1995 దాకా 350 టీబీఐ ట్రక్కులకి వచ్చిన హెడ్ అదే. "ఓహో, 193 హెడ్‌లు" అని కార్డులో రాసేశాను, బహువచనంలో. కుడి వైపు ఎయిర్ కండిషనర్ గొట్టాలు అడ్డంగా ఉండడంతో ఆ కవరు తీయలేదు. ఆ అరగంట బద్ధకం మూడు రోజుల పని పెంచింది. కంప్రెషన్ అంకెలు చూశాక వెళ్లి కుడి కవరు తీస్తే కనిపించింది: 14102187. అది 305 క్యూబిక్ అంగుళాల ఇంజిన్ హెడ్.

తారీఖు కూడా సాక్ష్యం చెప్పింది. ఈ పోతల మీద నెలకి ఒక అక్షరం ఉంటుంది, జనవరికి ఏ, డిసెంబరుకి ఎల్. తర్వాత రోజు, చివర సంవత్సరం ఆఖరి అంకె. ఎడమ హెడ్ మీద ఎల్ 6 9, అంటే 1989 డిసెంబరు 6. 1990 మోడల్ బండికి చక్కగా అతుకుతుంది. కుడి హెడ్ మీద సి 22 2. 187 పోత 1987కి ముందు లేదు కాబట్టి 1982 అయ్యే వీలు లేదు, 1992 మార్చి 22 అయి తీరాలి. బండి పుట్టిన రెండేళ్లకి పోసిన హెడ్ బండితో పాటు రాలేదు కదా. పాత హెడ్ ఎప్పుడో పగిలి ఉంటుంది, చేతికి అందిన ఇంకో హెడ్ బిగించేశారు. బోల్టులన్నీ సరిపోయాయి, ఇంజిన్ స్టార్ట్ అయింది, బండి బయటికి పంపేశారు.

బండి గుర్తింపు సంఖ్య అయిన విన్ నంబరులో ఎనిమిదో అక్షరం కె. అది 5.7 లీటర్ల టీబీఐకి గుర్తు, 5 లీటర్ల టీబీఐకైతే హెచ్ ఉంటుంది. బ్లాకు (సిలిండర్లు ఉండే ఇంజిన్ మొండెం) వెనక డ్రైవర్ వైపు, గేర్‌బాక్స్ అంచు దగ్గర 14093638 అని ఉంది, అది ఆ కాలపు 350 బ్లాకే. అంటే బ్లాకు అసలుదే, ఎడమ హెడ్ అసలుదే, కుడి హెడ్ ఒక్కటే వేరేది. విన్ నంబరు పుట్టుక చెబుతుంది గానీ ఇప్పుడు లోపల ఏముందో చెప్పదు.

బ్యూరెట్‌తో కొలత

నంబరు చదివాక కూడా కొలవాలి. నంబరు చెప్పేది పోత పోసిన రోజు సంగతి. ఆ తర్వాత ఎవరు ఎంత ఫేసింగ్ చేశారో (అడుగు ముఖం చదునుగా చెక్కారో), వాల్వు సీట్లు ఎంత లోతుకి దించారో అందులో ఉండదు.

హెడ్‌లు దించి, వాల్వులు మూసి, చాంబరు (హెడ్‌లో పెట్రోలు మండే గుంట) మీద గ్రీజు రాసిన అక్రిలిక్ పలక పెట్టి, పలకలో చిన్న రంధ్రం గుండా బ్యూరెట్‌తో రంగు కలిపిన ద్రవం నింపాను. గాలి బుడగ మిగలకుండా హెడ్‌ని కొద్దిగా ఒక పక్కకి వంచాలి. ఎడమ 193 చాంబర్లు నాలుగూ 64 సీసీకి అటూ ఇటూగా వచ్చాయి. కుడి 187 చాంబర్లు 58 దగ్గర. ఇన్‌టేక్ వాల్వు తల వెర్నియర్‌తో చూస్తే ఎడమ 1.94 అంగుళాలు, కుడి 1.84. ఎగ్జాస్ట్ వాల్వులు రెండు వైపులా 1.50.

ఇక లెక్క. బోరు (సిలిండర్ వెడల్పు) 4 అంగుళాలు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 3.48. ఒక్కో సిలిండర్ 716 సీసీ చిల్లర. పిస్టన్ పైనున్న గుంట 12 సీసీ వచ్చింది. పిస్టన్ పైకి వచ్చినప్పుడు బ్లాకు అంచుకి 25 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) కింద ఆగుతోంది, అది 5 సీసీ పైచిలుకు. గ్యాస్కెట్ నొక్కుకున్నాక 28 థౌ మందం, అది 6 సీసీ. ఇవన్నీ చాంబరుతో కలిపితే ఎడమ వైపు 87 సీసీ, కుడి వైపు 81. కంప్రెషన్ నిష్పత్తి ఎడమ 9.2, కుడి 9.8.

ఆరు సీసీ అంటే చెంచాడు కన్నా పెద్ద ఎక్కువేం కాదు. కానీ ఇనుప హెడ్, మామూలు పెట్రోలు, ట్రైలర్ లోడు, 1990 నాటి టైమింగ్ మ్యాపు ఉన్నచోట 9.8 ఇబ్బంది పెడుతుంది. ఇంకో దురదృష్టం కూడా తోడైంది. ఈ ఇంజిన్‌కి నాక్ సెన్సర్ ఒక్కటే, బ్లాకుకి కుడి వైపు కింద ఉంటుంది. నాకింగ్ వస్తున్నదీ కుడి వైపే. సెన్సర్ తన పక్కనే మోగుతున్న నాలుగు సిలిండర్లని విని కంప్యూటర్‌కి చెబుతోంది, కంప్యూటర్ ఎనిమిదింటికీ టైమింగ్ తగ్గిస్తోంది. నాలుగు సిలిండర్ల పాపానికి ఎనిమిదీ శిక్ష అనుభవిస్తున్నాయి. ఆ నాలుగింటికి ఇన్‌టేక్ వాల్వు కూడా చిన్నది, గాలి తక్కువ. నాలుగేళ్లుగా యజమాని మార్చిన పార్టుల్లో ఒక్కదానిలోనూ తప్పు లేదు.

ఏ హెడ్ పెట్టాలి

తేలికైన దారి ఇంకో 193 హెడ్ వెతికి కుడి వైపు పెట్టేయడం. అది తప్పు పని కాదు. లాగే బండికి 193 కింది ఆర్‌పీఎంలో బాగుంటుంది. దాని ఇన్‌టేక్ పోర్టులో (గాలి లోపలికి వచ్చే దారి) వాల్వు గైడు (వాల్వు కాడ జారే గొట్టం) పక్కన ఒక గోడలాంటిది పోతలోనే ఉంటుంది. లోపలికి వచ్చే గాలిని అది తిప్పుతుంది, సుడి పుడుతుంది, తక్కువ వేగంలో మంట బాగా పాకుతుంది. దీన్ని స్విర్ల్ పోర్టు అంటారు. కానీ ఆ గోడే పై వేగంలో గాలికి అడ్డం. 28 అంగుళాల నీటి పీడనం దగ్గర గాలి ప్రవాహం కొలిచే ఫ్లో బెంచ్ మీద ఈ పోర్టు సుమారు 165 నుంచి 170 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపు అడుగులు) దగ్గర ఆగిపోతుంది. 3500 దాటాక ఇంజిన్ ఆయాసపడుతుంది. గోడ గ్రైండ్ చేసి తీసేస్తే సరిపోతుందని కొందరు అంటారు. నేను చెయ్యను. పోర్టు ఆకారమంతా ఆ గోడని నమ్ముకుని గీసినది, గోడ తీసినంత మాత్రాన అది మంచి పోర్టు అయిపోదు.

రెండో దారి వోర్టెక్ హెడ్‌లు, 1996 నుంచి ఎల్31 ఇంజిన్ మీద వచ్చినవి. కాస్టింగ్ నంబర్లు రెండు: 10239906, 12558062. చాంబరు అదే 64 సీసీ, వాల్వులు అవే 1.94, 1.50. కాగితం మీద చూస్తే 193కీ దీనికీ తేడా కనిపించదు, అసలు తేడా పోర్టులో ఉంది. అడ్డుగోడ లేదు, లోపలి మలుపు నునుపుగా ఎత్తుగా తిరుగుతుంది. వాల్వు 0.4 అంగుళాలు లేచేసరికే 220 సీఎఫ్ఎం దాటుతుంది. చాంబరు గుండె ఆకారంలో ఉండి మంట తొందరగా పాకుతుంది, అందుకే టైమింగ్ అంత ముందుకి అక్కర్లేదు, నాకింగ్ భయమూ తక్కువ.

కంపెనీ లెక్క ప్రకారం ఎల్05కి 4000 ఆర్‌పీఎం దగ్గర 210 హార్స్‌పవర్, ఎల్31కి 4600 దగ్గర 255. ఈ 45 హార్స్‌పవర్ అంతా హెడ్‌దే అని ఎవరైనా చెబితే వినకండి. ఎల్31కి రోలర్ క్యామ్ (క్యామ్ అంటే వాల్వులని లేపే ఇరుసు), వేరే ఇంజెక్షన్ కూడా ఉన్నాయి. యజమానికి ఇదే చెప్పాను. "రేసు బండి చెయ్యమని అడగడం లేదండీ, ఎత్తు మీద ట్రైలర్‌ని లాగితే చాలు" అన్నారు. ఎలాగూ ఒక హెడ్ మార్చాలి, గ్యాస్కెట్లన్నీ కొత్తవి వెయ్యాలి, కూలెంట్ దించాలి. అదే శ్రమలో జత మార్చేద్దాం అని తేల్చుకున్నాం.

కొన్న హెడ్‌లు బిగించే హెడ్‌లు కావు

పాత వోర్టెక్ హెడ్ చేతికి రాగానే చెయ్యాల్సింది కడగడం, మ్యాగ్నాఫ్లక్స్ పెట్టడం, ప్రెషర్ టెస్టు చెయ్యడం. ఆ తర్వాతే డబ్బు లెక్క. మొదట వచ్చిన జతలో ఒక హెడ్‌కి ఎగ్జాస్ట్ సీటు దగ్గర వెంట్రుకంత గీత పడింది. కంటికి కనిపించదు. అయస్కాంతం పెట్టి ఇనుప పొడి చల్లితే గీత వెంట పొడి బారు తీరింది. ఎప్పుడో వేడెక్కువై నడిచిన ఇంజిన్‌ది అయ్యుంటుంది. వెనక్కి పంపేశాను. ఈ హెడ్‌ల పోత పలచన, వేడి దెబ్బ తిన్నది దొరకడం అరుదేం కాదు. పరీక్ష లేకుండా వాల్వులు రుబ్బుతూ కూర్చోవడం వృథా.

రెండో జత బాగుంది. తిన్నదనం స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజీతో చూశాను. ఆరంగుళాల దూరంలో 3 థౌ మించి వంపు ఉంటే నేను ఒప్పుకోను. మధ్యలో కొంచెం ఎక్కువ ఉంది, 6 థౌ ఫేసింగ్ చేయించాను. ఈ చాంబరుకి 6 థౌ తీస్తే దాదాపు ఒక సీసీ తగ్గుతుంది. మళ్లీ కొలిస్తే 63. లెక్క వేస్తే నిష్పత్తి 9.3. గైడ్లు రెండు వదులుగా ఉంటే మార్చాను. సీట్లు 46 డిగ్రీలు, వాల్వు ముఖం 45. ఎగ్జాస్ట్ సీటు వెడల్పు తగ్గించొద్దు. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడి వదిలించుకునేది ఎక్కువగా ఆ సీటు గుండానే, లాగుడు బండికి అది సన్నబడితే వాల్వు కాలిపోతుంది.

వోర్టెక్ హెడ్‌తో క్యామ్ కూడా మార్చాలనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. కంపెనీ హెడ్‌లో వాల్వు 0.460 అంగుళాల లిఫ్టు (పైకి లేచే ఎత్తు) దాటితే స్ప్రింగు రిటైనరు (స్ప్రింగుని పట్టే టోపీ) కింద గైడు సీలుని కొడుతుంది. కొత్త క్యామ్‌కి 0.480 అని ఉంటే గైడు తల మెషిన్ చేయించాలి, స్ప్రింగులూ మార్చాలి. ఈ బండికి కంపెనీ క్యామే ఉంచాను. లాగే పనికి అది చాలు, దాని లిఫ్టు 0.4 దగ్గరే.

రాకర్ ఆర్మ్‌లు (వాల్వుని నొక్కే మీటలు) వాల్వు కాడ కొసని రెండు పక్కల పట్టుకునే రకం కావాలి, ఎందుకంటే ఈ హెడ్‌లో పుష్ రాడ్‌ని దారిలో పెట్టే ఏర్పాటు లేదు. ఎడమ 193 మీద ఉన్నవి ఆ రకమే. కుడి వైపు రెండు అరిగి అంచులు పోయాయి, అందుకే పదహారూ కొత్తవి వేశాను. గైడ్ ప్లేటు (పుష్ రాడ్‌ని దారిలో పెట్టే పలక) ఉన్న హెడ్ మీద ఈ రకం రాకర్లు వెయ్యకూడదు. రెండూ కలిస్తే ఒకదానికొకటి అడ్డుపడి వాల్వు కాడని కొరికేస్తాయి.

పాత ఇన్‌టేక్ మానిఫోల్డు వోర్టెక్ హెడ్‌కి కూర్చోదు. ఇది ముందే తెలియక హెడ్‌లు కొనేసి ఇరుక్కున్నవాళ్లని చాలామందిని చూశాను. వోర్టెక్ బోల్టు వరసకి సరిపడే, టీబీఐ కూర్చునే మానిఫోల్డు కావాలి, లేదా కార్బురేటర్ మానిఫోల్డు మీద అడాప్టర్ పలక. ఇంకో చిక్కు ఈజీఆర్. పాత హెడ్‌లో ఎగ్జాస్ట్ గాలి మానిఫోల్డులోకి వచ్చే అడ్డదారి ఉంటుంది, వోర్టెక్‌లో అది లేదు. 1996 ట్రక్కుల్లో ఎగ్జాస్ట్ మానిఫోల్డు నుంచి బయట గొట్టం వేసి ఈజీఆర్‌కి ఇచ్చారు. నేనూ అలాగే ఒక గొట్టం చేయించాను. ఈజీఆర్ మూసేస్తే పోలేదా అని అడిగేవాళ్లున్నారు. పొగ పరీక్ష సంగతి అటుంచితే, ఈ కంప్యూటర్ మ్యాపు ఈజీఆర్ పనిచేస్తుందన్న లెక్కతో టైమింగ్ ముందుకి ఇస్తుంది. మూసేస్తే మళ్లీ నాకింగే. ఇంత శ్రమ పడి వదిలించుకున్నదాన్ని మళ్లీ పిలిచినట్టు అవుతుంది.

ఎగ్జాస్ట్ మానిఫోల్డులు పాతవే సరిపోయాయి. స్పార్క్ ప్లగ్గు మాత్రం కొత్త హెడ్‌కి చెప్పిన రకం వేసి, పాతదాని పక్కన పెట్టి మర పొడవు సరిచూసుకున్నాను.

బిగింపు

స్మాల్ బ్లాకులో హెడ్ బోల్టుల రంధ్రాలు కూలెంట్ గదిలోకి తెరుచుకుంటాయి. హెడ్‌కి పదిహేడు బోల్టులు, పదిహేడింటికీ మరల మీద సీలెంట్ రాయాలి. రాయకపోతే నీరు మర వెంట పైకి పాకి నూనెలో కలుస్తుంది. ముందు ట్యాప్‌తో రంధ్రాలు శుభ్రం చేసి, మధ్య నుంచి చివరలకి వరస పాటిస్తూ 25, 45, 65 అడుగుల పౌండ్ల (టార్క్ రెంచ్ చూపే బిగింపు బలం) చొప్పున మూడు దఫాల్లో బిగించాను.

గ్యాస్కెట్ 28 థౌ కాంపోజిషన్ రకమే. 15 థౌ ఉక్కు రేకు గ్యాస్కెట్ వేస్తే పిస్టన్‌కీ హెడ్‌కీ మధ్య సందు 40 థౌకి తగ్గి చాంబరు ఇంకా బాగా పనిచేస్తుంది. కానీ ఈ బ్లాకు పైముఖం మీద కూలెంట్ రంధ్రాల చుట్టూ తుప్పు గుంటలున్నాయి, బ్లాకు ఫేసింగ్ చేయించే ఉద్దేశం లేదు. గుంటలున్న ముఖం మీద రేకు గ్యాస్కెట్ నిలవదు.

ఇన్‌టేక్ మానిఫోల్డు దగ్గర చెయ్యి పాత అలవాటుకి పోతుంది. పాత రకానికి 30, 35 అడుగుల పౌండ్లు కొట్టేవాళ్లం. వోర్టెక్‌కి 11 అడుగుల పౌండ్లే. ఎక్కువ బిగిస్తే గ్యాస్కెట్ చిట్లుతుంది, మానిఫోల్డు చెవి విరిగినా ఆశ్చర్యం లేదు. మా కుర్రాడి చేతికి చిన్న టార్క్ రెంచ్ ఇచ్చి, పెద్దది బీరువాలో పెట్టేశాను.

స్టార్ట్ చేశాక

ఇంజిన్ మొదటి తిప్పుకే అందుకుంది. బండి ఆగి ఇంజిన్ ఊరికే నడుస్తున్నప్పటి (ఐడిల్) మానిఫోల్డు వాక్యూమ్ 18 అంగుళాల పాదరసం, ముల్లు కదలకుండా నిలబడింది. కంప్రెషన్ ఎనిమిదీ 155 నుంచి 159 మధ్య. ఆ ఎనిమిది అంకెలు ఒక వరసలో రాసుకున్నప్పుడు కలిగిన తృప్తి ఇంతా అంతా కాదు.

రోడ్డు మీద మాత్రం నాక్ కౌంటర్ ఇంకా అక్కడక్కడా కదిలింది, అదీ 2200 ఆర్‌పీఎం దగ్గరే, లోడు ఉన్నా లేకపోయినా. అసలు నాకింగ్ లోడుతో పెరగాలి. లోడుతో సంబంధం లేకుండా ఒకే వేగం దగ్గర వస్తోందంటే అది ఇనుము ఇనుముని కొడుతున్న చప్పుడే. వెతికితే డిప్ స్టిక్ గొట్టం బిగింపు వదులై ఎగ్జాస్ట్ మానిఫోల్డుకి తగులుతోంది. సెన్సర్ చెవికి ఆ టకటకా నాకింగూ ఒకటే. బిగించాక కౌంటర్ నిద్రపోయింది.

తర్వాత పెట్రోలు. ఈ పద్ధతిలో కంప్యూటర్ లోపలికి వచ్చే గాలిని నేరుగా కొలవదు. మానిఫోల్డు ప్రెషర్, వేగం చూసి, చిప్పులో రాసి ఉన్న పట్టిక ప్రకారం ఊహిస్తుంది. పట్టిక పాత హెడ్‌ది. కొత్త హెడ్ ఎక్కువ గాలి తీసుకుంటోంది, కంప్యూటర్‌కి ఆ సంగతి తెలియదు. పెట్రోలుని కంప్యూటర్ ఎంత దిద్దుతోందో చెప్పే బీఎల్ఎం అంకె 128 ఉంటే సమతూకం. ఇక్కడ మధ్య లోడులో 140 దాటింది, అంటే పెట్రోలు చాలక కంప్యూటర్ కలుపుకుంటూ పోతోంది. ఆ దిద్దుబాటు ఆక్సిజన్ సెన్సర్ మాట వింటున్నంతసేపే. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే కంప్యూటర్ సెన్సర్ని పక్కన పెట్టేస్తుంది, సరిగ్గా ట్రైలర్ లాగే సమయంలో ఇంజిన్ పలచని మిశ్రమంతో నడుస్తుంది. హెడ్‌లు మార్చి ఇక్కడితో ఆపేసే బండ్లే తర్వాత పిస్టన్లు కాల్చుకుంటాయి.

మిశ్రమాన్ని కచ్చితంగా కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్ తగిలించి, పట్టికని లోడు గళ్లలో సరిదిద్ది, కొత్త చిప్పు రాయించాను. మూడు దఫాలు పట్టింది. పూర్తి లోడులో మిశ్రమం 12.7 (ఒక వంతు పెట్రోలుకి అన్ని వంతుల గాలి) దగ్గర స్థిరపడింది. టైమింగ్ పట్టికలో పై లోడు గళ్లని ముందు 3 డిగ్రీలు తగ్గించాను, ఎందుకంటే వోర్టెక్ చాంబరులో మంట తొందరగా పాకుతుంది. తర్వాత నాక్ కౌంటర్ చూసుకుంటూ ఒక్కో డిగ్రీ పెంచాను. తగ్గించిన మూడింటిలో ఒక డిగ్రీ మాత్రమే తిరిగి ఇచ్చాను. రెండో డిగ్రీకి బండి ఇంకేం ఎక్కువ లాగలేదు, అందుకని ఇవ్వలేదు.

ఆ తర్వాత అదే ఎత్తు, అదే ట్రైలర్, అదే బరువు. పాత హెడ్‌లతో మూడో గేరు నుంచి రెండుకి పడిపోయి, 3800 దగ్గర అరుస్తూ ఎక్కిన చోట, ఇప్పుడు మూడులోనే ఎక్కింది. నాక్ కౌంటర్ మొదలు నుంచి చివరి దాకా కదల్లేదు. హార్స్‌పవర్ కొలిచే డైనో మీద పెట్టలేదు కాబట్టి హార్స్‌పవర్ ఎంత పెరిగిందో అంకె ఇవ్వను.

ఐదు నెలలకి యజమాని నూనె మార్పించుకోవడానికి వచ్చారు. కంప్రెషన్ మళ్లీ చూశాను, 154 నుంచి 158. కూలెంట్ ఒక చుక్క తగ్గలేదు. వాల్వు కవరు మీద రేకు ముక్క ఒకటి రివెట్ చేసి పెట్టాను: హెడ్ 062, రెండు వైపులా, చాంబరు 63 సీసీ, గ్యాస్కెట్ 28 థౌ, మానిఫోల్డు 11 అడుగుల పౌండ్లు, చిప్పు మార్చినది. పాత 187 హెడ్ మీద తెల్ల పెయింటుతో "305" అని పెద్దగా రాసి విడిగా ఉంచాను. రేపు ఎవరైనా 305 ఇంజిన్‌కి హెడ్ కావాలని వస్తే, వాళ్ల రెండో వైపు కవరు కూడా తీసి చూసి ఇస్తాను.